గడి బయటి పద్దెనిమిది ఇండ్లు

1949 ఎండాకాలం. తిరుమలగిరి దగ్గరి ఒక పల్లెలో, దొర ఉండే కోటలాంటి గడికి అవతల, ఇండ్ల లెక్క రాయడానికొచ్చిన గుమాస్తా, లింగమ్మ కొత్త గుడిసె ముందు నిలబడి పాత జాబితా తిరగేశాడు.

"పోయిన లెక్కల ఈ వాడల ఒక్క ఇల్లు లేదు. ఇప్పుడు పద్దెనిమిదున్నయి. ఇంతమంది యాడికెల్లి వచ్చిన్రు?"

"యాడికెల్లి రాలే సారూ, ఈడనే పుట్టినం. అప్పుడు మమ్ముల దొర గడి కింద రాసిన్రు."

"గడిల యాభై ఆరుగురు పనోళ్లని ఉన్నది."

"వెట్టోళ్లం. అండ్ల నేనొకదాన్ని. నిరుడు నిజాం రాజ్యం పోంగనే బయటికొచ్చినం."

"'వాళ్లంతా నా మనుషులే, పాత లెక్కనే ఉంచు' అని దొర నాకు కబురు పంపిండు."

 లింగమ్మ గడప మీంచి కదల్లేదు.

"లోపలికొచ్చి సూడున్రి. పొయ్యి నాది, కుండ నాది. దొర లెక్కల నేనెట్లుంట?"

"ఆయనకు కోపమొస్తే?"

"రానియ్యున్రి. నా పేరు రాసినంకనే రమ్మనున్రి."

గుమాస్తా కలం సిరాలో ముంచాడు.

"ఇంటి పెద్ద ఎవరు? నీ మొగడా?"

"వెట్టి చేసుకుంటనే సచ్చిండు. పెద్దను నేనే. లింగమ్మ అని రాయున్రి."

అతను రాశాడు. సిరా ఆరకముందే లింగమ్మ పక్క గుడిసె తలుపు తట్టింది.

"బుచ్చమ్మక్కా, బయటికి రా! నీ పేరు నువ్వే చెప్పుకో."