నలభై ఒకటో డబ్బా

మళ్ళీ సంతకమా? ఆయన పోయి పదకొండు రోజులయినాది, ఇంకా ఏటి సంతకాలు తల్లీ? బతికున్నపుడు రక్తం తియ్యడానికొకటి, ఉచ్చ పట్టుకెళ్ళడానికొకటి, గుండె పటం తియ్యడానికొకటి. ఇపుడు సచ్చిపోయాడని ఒప్పుకోడానికి ఇంకొకటా?

కూకో, కూకో. ఎండనపడి ఒచ్చినావు. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతాది. ఈ పీట మీద కూకో.

పేరా? నీ కాయితంలో ఉన్నాది కదా. మొగుడి పేరు నా సేత అనిపించకు. నువ్వు సదువు, నాను ఊఁ అంటాను. ఆఁ, నీలకంఠం. ఊఁ. వయసు యాభయ్యారు. ఊరు కూడా అడుగుతావేటి, ఊళ్ళోనే కదా కూకున్నావు?

ఏటన్నావు? ఆకరి రోజుదాకా నలభై రెండో డబ్బాలో బిళ్ళలే ఏసుకున్నాడని నాను సెప్పినట్టు రాత్తావా?

ఆగు. రాయకు. రాసీసినావేటి? కలం పక్కనెట్టు తల్లీ, పుణ్యముంటాది.

నాకు మాటలు రావు. నీకు తెలుసు కదా పాపా. అయిదో తరగతిదాకా సదివినాను గాని, పంతులు లేపితే గోడకేసి సూసి నిలబడేదాన్ని. పదిహేనేళ్ళనుంచి పలాస జీడి ఫేట్రీలో పప్పుకి పొట్టు తీత్తన్నాను, నా గొంతెలగుంటాదో మేస్త్రీకి తెలీదు. అందుకే నీకు సెప్పలేకపోనాను. లేపోతే ఎపుడో సెప్పీదాన్ని.

అబద్ధం. సెప్పీదాన్ని కాదు.

మీరు మొదట ఒచ్చిన రోజు బడి వరండాలో మైకెట్టి మాటాడినావు. ఇయి కొత్త మందులు కాదమ్మా, రెండూ పాతవే, బీటా బ్లాకర్లంటారు, గుండె దడ తగ్గిత్తాయి, బీపీ దించుతాయి, రెంటిలో ఏది మేలో సూత్తన్నాం, అన్నావు. ఎనకనుంచి మా ఈధి కుర్రోడు అనిలు లేచి, "ఏది మేలో తెలీకుండానే ఇన్నాళ్ళూ మింగించీసినారేటి మేడం?" అన్నాడు. అందరూ నవ్వినారు. నువ్వూ నవ్వినావు. నీ నవ్వు సూసే మేం సేరినాం, అబద్ధమెందుకు.

మాకు పరీచ్చలు కొత్తా? మా బోరునీళ్ళు పట్టుకెళ్ళినారు, మట్టి పట్టుకెళ్ళినారు, బియ్యం పట్టుకెళ్ళినారు. రక్తమయితే ఎన్ని సీసాలో. ఇదిగో, ఇందుకే మీ కిడ్నీలు పోతన్నాయి అని తిరిగొచ్చి సెప్పినోడు లేడు. ఈ ఉద్దానంలో పెళ్ళి సంబంధానికెళ్తే జాతకం తరవాత, ముందు కిడ్నీ పరీచ్చలో కిర్యాటిన్ ఎంతొచ్చిందని అడుగుతారు. నవ్వకు, నిజమే.

నువ్వు మాత్రం ఇడమరిసి సెప్పినావు. ఒక మందు ఉచ్చలోంచి బయటికి పోతాదన్నావు. రెండోది కాలేయంలో కరుగుతాదన్నావు. కిడ్నీ నీరసపడ్డోడికి ఆ మొదటిది ఒంట్లోనే ఉండిపోతాదేమో, అదే తేల్చాలి, అన్నావు. ఎవరి కిడ్నీనిబట్టి ఆళ్ళకి కొలతేసి ఇత్తాం, ఒకరి డబ్బా ఇంకొకరు ముట్టుకోవద్దు, అన్నావు. ఇన్నాను. ఈ రెండు సెవులతోనే ఇన్నాను.

నాది నలభై ఒకటి. ఆయనది నలభై రెండు. నా కిడ్నీలు బాగున్నాయన్నావు, ఆయనవి నీరసపడినాయన్నావు. రెండూ తెల్ల డబ్బాలే, లోపల బిళ్ళలూ ఒకలాగే. దేన్లో ఏది ఉన్నాదో నీకూ తెలీదన్నావు, పెద్ద డాక్టరుకీ తెలీదన్నావు, కవర్లో పెట్టి సీలేసినారన్నావు.

మొదటి నెల నాకెంత బాగుందనుకున్నావు! గుండె దడ పోనాది. మెట్లెక్కితే ఆయాసం లేదు. ఆయనకేమో కాళ్ళు సల్లగా, సేతులు సల్లగా. తోటకెళ్ళి రెండు జీడిసెట్ల కింద పిక్కలేరి కూలబడిపోయేవోడు. "ఒల్లు బరువుగా ఉన్నాదే" అనేవోడు. నీకు సెప్పమంటే, "ఆ పిల్లకెందుకులే, మందు మానిపించీగల్దు" అన్నాడు. నెలనెలా వాకిట్లోకొచ్చి ఎవరో ఒకరు సెయ్యట్టుకుని నాడి సూత్తన్నారని ఆయనకి ఒకటే సంబరం. ఆయన పుట్టాక అంత మరేద ఎవరిచ్చినారు?

మా ఫేట్రీలో బల్లకి ఎనిమిదిమంది ఆడోళ్ళం. ఒకర్తెకి తలనొప్పొత్తే ఇంకొకర్తె కొంగుముడి ఇప్పి బిళ్ళ ఇత్తాది. "నీకు పడినాదేటి?" అని అడుగుతాం. పడితే అది మంచి మందు. ఏ డాక్టరు రాసినాడు, ఎవరికి రాసినాడు, అదెవరు సూత్తారు? నాకు పడిన బిళ్ళ పక్కదానికి ఇవ్వకపోతే, "దీని కడుపులో ఎంత ఇసముందో" అంటారు.

మరి పక్కదానికే ఇచ్చినపుడు మొగుడికి ఇవ్వకుండా ఎలగుంటానమ్మా?

అదే సేసినాను. కూడు తిన్నాక ఆయన సెయ్యి సాపితే నా డబ్బాలోది ఏసినాను. ఆయన డబ్బాలోది నాను మింగినాను. ఆయనెప్పుడూ బిళ్ళకేసి సూసినోడు కాదు, నీళ్ళకేసి సూసేవోడు. రెండో నెలంతా అదే. రెండు డబ్బాల్లోనూ రోజుకొకటి సొప్పున తగ్గేది కదా, నువ్వొచ్చి లెక్కెట్టి ఏటన్నావో గేపకముందా? "ఈ మండలంలో మీ ఇద్దరిలా మందు వాడినోళ్ళు లేరు వరహాలమ్మా, మీరు మీటింగులో నలుగురికీ సెప్పాలి" అన్నావు. తలెత్తలేక సచ్చిపోనాను. మైకు కాడికి రమ్మంటే ఒంటింట్లోకెళ్ళి దాక్కున్నాను. సిగ్గనుకున్నావు నువ్వు.

మొదట పది రోజులు ఆయన బాగున్నాడు తల్లీ. నిజం. తోటంతా తిరిగొచ్చినాడు. "ఏటే, ఇయాల గంజిలో ఏటేసినావు?" అని ఏలాకోలం ఆడినాడు. నాకు లోపల ఎంత గర్వమనుకున్నావు. డాక్టర్లు కనిపెట్టలేనిది నాను కనిపెట్టీసినానని.

తరవాత మగత. కంచం ముందు కూకుని కునికేవోడు. ఆ రోజు పొద్దున్న నూతికాడ మొకం కడుక్కుంటా అలగే ఒరిగిపోనాడు. కామేశు ఆటోలో పడుకోబెట్టి పలాస పట్టుకెళ్తన్నాం. తల నా ఒళ్ళో ఉన్నాది. ఆటో గతుకుల్లో ఎగిరెగిరి పడతన్నాది. ఆయన కళ్ళు తెరిసి, "ఆటో ఆగిపోనాదేటే?" అన్నాడు. ఆగలేదు మావా, ఎల్తన్నాది, అన్నాను. "లేదు, ఆగిపోనాది" అన్నాడు. అదే ఆకరి మాట. ఆస్పత్రిలో నర్సు సెయ్యట్టుకుని నాడి ముప్పై నాలుగంది. అది మళ్ళీ పెరగలేదు.

ఎందుకలగ సూత్తావు? తిట్టు. తిడితే బాగుణ్ణు.

ఇపుడు సెప్పు. నలభై రెండని రాత్తే కవరిప్పుతారు. దాన్లో ఏ మందు పేరుంటే ఆ మందే ఈయన్ని సంపినాదనుకుంటారు. ఆయన పొట్టలో ఉన్నది అది కాదు కదా. దాన్ని ఆయన సోట నాను మింగినాను. రాయిలాగున్నాను, సూడు. ఆయన్ని సంపిన నా డబ్బాలో మందే మేలని మీ పుస్తకంలో అచ్చేత్తారు. అచ్చేసినాక మా ఊరోళ్ళకీ, టెక్కలోళ్ళకీ, ఇచ్ఛాపురంలో ఒరియావోళ్ళకీ అదే ఇత్తారు. అందుకే రాయొద్దన్నాను. నామీద జాలిపడమని కాదు.

ఏటి? ఇద్దరినీ లెక్కలోంచి తీసేత్తారా? అంటే... ఆయన సావు ఏ మందు కిందా రాదా? అసలు పోనట్టేనా?

ఓలమ్మా. ఆయనకి నెలనెలా నాడి సూసినోళ్ళు కదా మీరు.

ఆఁ, సరే. ఆరొందల మందిలో ఇద్దరిని తీసేత్తే లెక్క మారదంటావు. బయపడకు పిన్నీ అంటన్నావు.

ఇద్దరం కాదు పాపా.

ఆయన బాగున్న ఆ పది రోజుల్లో... బల్ల కాడ అడిగినారు. "నీ మొగుడు తోటకెళ్తన్నాడంట, ఏటేసినావే?" అని. నా జన్మలో నాను నోరిప్పింది ఆ ఒక్కరోజే. సెప్పీసినాను. మైకు కాడ సెప్పలేనిది, పొట్టు తీసుకుంటా, తల దించుకుని, మిగతా ఏడుగురికీ సెప్పీసినాను. ఆళ్ళు ఇళ్ళకెళ్ళి సెప్పినారు. ఇపుడు ఈ ఈధిలో ఎవరి బిళ్ళ ఎవరు మింగుతన్నారో ఆ దేముడికే తెలియాలి. మొగుడూ పెళ్ళాలు, అత్తాకోడళ్ళు, అక్కాసెల్లెళ్ళు. ఎవరికేది పడితే అది. పొట్టలో లేనిది కవర్లో రాసుండి ఏటి లాబం సెప్పు?

ఎవరూ సెడ్డ బుద్దితో సెయ్యలేదు. ఆ మాట కూడా రాసుకో. రాయడానికి సోటుందా?

లెగిసిపోతన్నావేటి? ఎటెల్తావు, పై ఆపీసరుకి పోను సేత్తావా? సెయ్యి. నాను సాచ్చికం సెప్పమంటే మాత్రం రాలేను, నాకు నోరు రాదు.

ఆగు, ఇంకొకటున్నాది. ఇది ఇనేసి ఎల్లు. ధనలక్ష్మి లేదూ, పక్కింటిది, దానత్తకి కిడ్నీ సగం పోనాది. మొన్నట్నుంచి ఆ ముసిల్దానికి కాళ్ళు సల్లబడతన్నాయంట. నిన్న సందేళ గుమ్మంకాడ నిలబడి నన్నడిగినాది. "పిన్నీ, నా బిళ్ళలు నాకు బాగా పడినాయి, మాయత్తకి ఏసీమంటావా?"

మొగుడు పోయిన పదోనాడు, ఇల్లంతా సుట్టాలు, అందరూ నాకేసే సూత్తన్నారు. వద్దే, అంటే, ఎందుకొద్దంటాది. ఎందుకో సెప్పాలంటే అంతమందిలో అదంతా సెప్పాలి. నాలిక మీదకొచ్చినాది తల్లీ, ఒట్టు.

ఏసీమని తలూపీసినాను.