సంతకం లేని వ్యాసం

స్వాన్సీ నగరంలో బస్టాండు పక్కన టీ కొట్టు. మధ్యాహ్నం మూడు దాటింది. మెన్నాకు నలభై ఎనిమిదేళ్లు. ఎదురుగా కూతురు ఎలెరి, చెప్పుల దుకాణంలో పనిచేస్తుంది.

"ఆ చెంచా తిప్పడం ఆపమ్మా. టీలో చక్కెరే వేసుకోలేదు నువ్వు."

"వేసుకోలేదా? సరే. మధ్యలో వచ్చేశావని కొట్లో ఏమీ అనలేదుగా?"

"పావుగంట అడిగి వచ్చా. అర్జెంటన్నావు. ఏంటది?"

"అర్జెంటంటే... మరీ అంత అర్జెంటేం కాదులే. కేకు తింటావా?"

"అమ్మా!"

"ఇవాళ నాలుగింటికల్లా వ్యాసం పంపెయ్యాలే. సైకాలజీది. ఆఖరిది."

"ఇంకా పంపలేదా? నెల్నాళ్లుగా వంటింటి బల్ల నిండా అవే కాగితాలు!"

"రాయడం అయిపోయింది. ఎప్పుడో అయిపోయింది."

"మరి?"

"ఏమో, ఈ చదువు నాకు అచ్చిరాదేమో. ఇరవై రెండేళ్లు బడిపిల్లలకి బంగాళాదుంపలు ఉడకేసినదాన్ని. నాకు యూనివర్సిటీ ఏంటి చెప్పు? క్లాసులో అందరూ నీకంటే చిన్నోళ్లు."

"మళ్లీ మొదలు! పదహారేళ్లకే బడి మానేసినా పర్లేదట, ఈ ఫౌండేషన్ ఏడాది గట్టెక్కితే డిగ్రీలో చేర్చుకుంటారట అని గంతులేసిందెవరు?"

"నేనే."

"వంటపని మానేసిందెవరు?"

"నేనేలే. అరవకు, అందరూ వింటున్నారు."

"వింటే విననీ. ఫోన్లోంచే పంపొచ్చుగా? ఇటివ్వు, నే పంపుతా."

"వద్దు! వద్దు, ముట్టుకోకు. దానికి... దానికో సంతకం కావాలి."

"ఎవరిది?"

"తెలిసిన మనిషినొకర్ని తీసుకుని, వాళ్లు పడ్డ కష్టం గురించి రాయమన్నారు. పేరు మార్చేశా. అయినా సరే, ఆ మనిషి ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం చెయ్యాలట. అది లేకపోతే వ్యాసం తీసుకోరు."

"ఎవరి గురించి రాశావ్?"

"పేరు మార్చేశానన్నాగా."

"ఎవరి గురించమ్మా?"

"టీ చల్లారిపోతోంది, తాగు."

"నా గురించేగా? నేను గదిలోంచి బయటికి రాని ఆ ఎనిమిది నెలల గురించి. అంతేనా?"

"వేరే ఏది రాద్దామన్నా చెయ్యి అటే పోయింది. అసలు నీకేమైందో తెలుసుకుందామనే కదే ఈ చదువులో చేరింది."

"నన్నే అడగొచ్చుగా?"

"భయం వేసింది. అడిగితే మళ్లీ లోపలికెళ్లిపోతావేమోనని."

"సంచిలో తెచ్చావుగా ఆ కాగితాలు, ఇటివ్వు."

"కోపమొచ్చిందా?"

"చదవనివ్వు. 'ఆ అమ్మాయి లోపల గడియ పెట్టుకుంది. తల్లి అన్నం పళ్లెం గుమ్మంలో పెట్టి, తలుపుకి చెవి ఆనించి నిలబడేది.' నిజమా? నిలబడేదానివా?"

"రోజూ. నీ ఊపిరి వినపడేదాకా కదిలేదాన్ని కాదు."

"పెన్నివ్వు."

"చేస్తావా? నిజంగా? ఇదిగో, ఇక్కడ, ఈ గీత మీద. బలవంతం ఏం లేదే, ఇష్టం లేకపోతే మానెయ్. వచ్చే ఏడు మళ్లీ..."

"చేసేశా. పంపేముందు ఒక్క ముక్క మాత్రం దిద్దుకో."

"ఏది? అక్షరం తప్పు పడిందా?"

"గడియ పెట్టుకుందని రాశావే, అది. ఆ తలుపుకి నేను ఒక్కరోజు కూడా గడియ పెట్టలేదమ్మా. నువ్వు తోసుకుని వస్తావని ఎదురుచూశా."