ఉండ్రుగొండ మీంచి ఊటీ

సూర్యాపేట హైవే పక్కన గౌరీబాయి టీ కొట్టు ముందు మంగయ్య ఆటో వచ్చి ఆగిందంటే, తాగుతున్నవాళ్లు ఇంకో చాయ్ చెప్పుకుంటారు. ఆయన చెప్పేదాంట్లో నిజమెంతో ఎవరూ అడగరు, అడిగితే రుచి పోతుంది. ఆ సోమవారం స్కూలుకు వెళ్తూ ఆగిన ప్రేమ్ కుమార్ సారు మాత్రం, నిన్న ఆటో తీయలేదట, ఒంట్లో బాగలేదా అని మామూలుగా పలకరించాడు. మంగయ్యకు అది చాలు.

"ఒంట్లకేంది సారు, మంచిగనే ఉన్నది. నేనూ మా ఇంటామె సుజాతా టూర్ పోయినం. యాడికో అనుకునేరు, సూర్యాపేటకే. నవ్వకుండ్రి. పుట్టినకాడ్నించి ఈడనే ఉన్నం గని, ఈ ఊరిని టూరిస్టుల లెక్క ఎన్నడన్న సూసినమా? అసలు సంగతేందంటే, మా సుజాత మహిళా సంఘపోళ్లు ఊటీకి బస్సు మాట్లాడుకున్నరు కదా. ఈమె ఎప్పట్నించో బ్యాగు సర్దుడే సర్దుడు. చలికని ఎర్ర స్వెట్టర్ కూడ కొనుక్కున్నది. తీరా పోయే టైముకు మోకాలు వాచిపాయె. అంతదూరం కూసునుడు, మెట్లెక్కుడు బంద్ అని దవాఖానల చెప్పిండ్రు. వాళ్లు పోయిండ్రు. బ్యాగు మాత్రం తలుపు కాడ సర్దింది సర్దినట్లే ఉన్నది. ఇప్పదు, లోపట పెట్టదు. నేను తీయబోతే 'ఉండనియ్యి' అంటది, అంతే. కోపం చేసినా మంచిగుండు. రోజూ ఆ బ్యాగును దాటి బయటికి వచ్చుడంటే నా పాణం మీదికి వస్తున్నది."

"పాపం, ఎంత ఆశపడ్డదో," అంది గౌరీబాయి పాలు కలుపుతూ.

"అదే కదా గౌరక్కా. నిన్న పొద్దుగాల ఎండ మంచిగ కొట్టింది. బ్యాగు నేనే భుజానికేసుకొని, నడువు టూర్ పోదాం అన్న. నా ఆటో ఇంటికాడనే పెట్టిన, టూరిస్టు సొంత ఆటోల పోతడా? కిరాయి ఆటో ఆపి ఎనక సీట్ల కూసున్న. మన ప్రవీణే తోలుతున్నడు. 'కాకా' అన్నడు. కాకా గీకా లేదు, మేం కొత్తోళ్లం, ఈ ఊర్ల ఏమేం సూడాలె చెప్పు అన్న. కిరాయి కూడ పట్నపోళ్ల లెక్క గీసిగీసి బేరం చేసిన. వాడు పరేషాన్ అయిండు. సక్కగ హైవే హోటల్‌కు తీస్కపో అన్న. ఎందుకంటే, పట్నం నుంచి బెజవాడ పోయే బస్సు ఏదైనా మన ఊర్ల ఆగి చాయ్ తాగాలె. దునియా అంత మన కాడికొస్తది, చాయ్ తాగేదాక ఉంటది, పోతది. మనం ఎన్నడూ లోపట కూసోము, బయట కిరాయి కోసం నిలబడ్తం. నిన్న లోపట కూసున్నం. మా సుజాత అంత ఎండల ఎర్ర స్వెట్టర్ ఏసుకొని ఇడ్లీ తిన్నది. పక్క టేబుల్ ఆమె 'ఏ ఊరండీ మీది?' అన్నది. కాశ్మీర్ అన్న. స్వెట్టర్ ఉన్నది కదా, నమ్మింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"బస్సు క్లీనర్ వచ్చిండు. చాయ్ టైము అయిపోతే మంది ఎవరు, ఏ బస్సు అని సూస్తరా వాళ్లు? చేతిల బ్యాగున్నోన్నల్లా ఎక్కిస్తరు. ఎక్కుండ్రి ఎక్కుండ్రి అని మా బ్యాగు గుంజుకొని ముందల పోయిండు. తమ్మీ, మాది ఈ ఊరే అనొచ్చు. గని పక్క టేబుల్ ఆమె సూస్తున్నది. కాశ్మీరోడు ఇడ్లీ తినేలోపట సూర్యాపేటోడు ఎట్లయితడు? సప్పుడు చేయకుంట ఎక్కిన. బస్సు కదిలింది. మా సుజాత నన్ను సూసింది, నేను సుజాతను సూసిన. గప్పుడు నవ్వింది సారు. ఊటీ బస్సు పోయినకాడ్నించి నవ్వలే, గప్పుడు నవ్వింది."

ఇంతవరకు నమ్మొచ్చు అన్నాడు ప్రేమ్ కుమార్ సారు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. నమ్మేవాడు దొరికాడంటే మంగయ్యకు బ్రేకులుండవు.

"ఊరు దాటినంక డ్రైవర్‌కు సంగతి చెప్పిన. ఆయన తిడ్తడనుకుంటరు. తిట్టలే. అన్నా, రోజూ ఈ తొవ్వల పోతున్న గని ఒక్కటీ సూడలే, మాకు కూడ సూపియ్యి అని దండం పెట్టిండు. ఉండ్రుగొండ గుట్ట కాడ ఆపిచ్చిన. బస్సంత దిగింది. ఎనక బస్సోళ్లు ఏమైందో అని దిగిండ్రు. వాళ్లెనక లారీలు, కార్లు, ఒక పెండ్లోళ్ల డీసీఎం వ్యాను. అటు కోదాడ దాక, ఇటు నకిరేకల్ దాక రోడ్డు మీద పురుగు లేదు. మందంత గుట్ట కింద, నేను ముందల."

"నిన్న మా బామ్మర్ది కోదాడ నుంచే వచ్చిండు. రోడ్డు ఖాళీగ ఉండె, జల్ది వచ్చిన అన్నడు," అన్నాడు సారు.

"ఎందుకు ఖాళీగుండదు సారు, అందరు గుట్ట కాడనే ఉంటిరి."

సారుకు చాయ్ పొలమారింది. గౌరీబాయి ఆయన వీపు తట్టాల్సి వచ్చింది.

"ఇగ గుట్టంటే మీకు తెల్వంది కాదు. అడివి, రాళ్లు, పాత కోట గోడలు. మా సుజాతకేమో మోకాలు. నేనేం చేసిన? భుజాల మీద కూసోవెట్టుకొని ఉరికిన. కోతులు పక్కకు జరిగి దారిచ్చినయ్. ఒక ముసలి కోతి మా బ్యాగు మోసుకొచ్చింది, పాపం మంచిది. పైనుంచి సూస్తే మన సద్దుల చెరువు రూపాయి బిళ్లంత. ఇటు మిర్యాలగూడ రైసుమిల్లుల పొగ. ఇంక జర మెడ సాపితే, సముద్రం."

"సముద్రమా? బెజవాడ దాటినంక ఇంకెంతో పోవాలె మంగయ్యా."

"మీరు పుస్తకంల సూసిండ్రు సారు, నేను గుట్ట మీంచి సూసిన. ఆకుపచ్చగ, వరిచేను ఊగినట్లు ఊగుతున్నది. పడవల మనిషి చెయ్యి ఊపిండు, నేనూ ఊపిన. ఇగ దక్షిణం దిక్కు తిరిగితే ఊటీ. మంచు. మా సుజాత సంఘపోళ్లు గజగజ వణుక్కుంట ఒక బెంచీ మీద కూసున్నరు. నడుమ ఒక్క మనిషి పట్టేంత జాగ ఇడిసిపెట్టిండ్రు. 'సుజాతక్క రాకపాయె, ఏం సూసినా మనసున పడ్తలేదు' అనుకుంటున్నరు. నా చెవులార ఇన్న. మా సుజాత నా భుజాల మీంచి ఓ అని ఒక్క కేక ఏసింది. అందరు ఇటు తిరిగి సూసిండ్రు."

ఎవరూ నవ్వలేదు. అందరూ మంగయ్య వెనక్కి చూస్తున్నారు. ఆయన మరచిపోయిన ఫోన్ చేత్తో పట్టుకుని, మెల్లగా కుంటుతూ వచ్చిన సుజాత ఆటో కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలీదు. గౌరీబాయి చప్పుడు కాకుండా స్టూలు జరిపింది.

"ఏందట్ల సూస్తరు? కావాల్నంటే మా సుజాతనే అడుగుండ్రి."

"సముద్రం నీలంగ ఉన్నదని కదా నాకు చెప్పినవ్," అంది సుజాత.

మంగయ్య చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. చెప్పుడేంది, నువ్వు సూడలేదామ్మా అని అడిగాడు సారు.

"నేనేడ ఎక్కిన సారూ, ఈ కాలుతోని? బస్సాయన మా ఇద్దర్నే ఆడ దింపి, తిట్టుకుంట పోయిండు. నేను గుట్ట కింద రాయి మీద కూసున్న. ఈయన ఒక్కడే ఎక్కి పైనుంచి ఫోన్ చేసిండు. కండ్లు మూసుకో అన్నడు. మూసుకున్న. సముద్రం అన్నడు, ఊటీ అన్నడు, నీ కోసం బెంచీ మీద జాగ ఇడిసిపెట్టిండ్రు అన్నడు. మాటమాటకూ ఆయాసమే. పైనుంచి వరిచేన్లు, లారీలు తప్ప ఏం కనపడయని నాకు తెల్వదా? ఇగ దిగిరా అంటే, ఆగు, ఇంక ఉన్నది అంటడు. అంతసేపూ ఏడ్సిన సారూ. ఈయన దిగొచ్చేలోపట తుడుసుకున్న."

గౌరీబాయి అడిగింది, తలుపు దగ్గరి బ్యాగు సంగతి.

"పొద్దుగాల ఇప్పిన. ఊరు పోయొచ్చినంక బ్యాగు ఇప్పుకోవాలె కదా. స్వెట్టర్ ఉతికి తీగ మీద ఆరేసిన."

మంగయ్య పొద్దున అది చూసుకోకుండానే వచ్చేసినట్టున్నాడు. సుజాత ఆయన చేతిలో గ్లాసు తీసుకుని మిగిలిన చాయ్ తాగేసింది. మెల్లగా వెళ్లి ఆటో వెనక సీట్లో కూర్చుంది. మంగయ్య వచ్చి ముందు కూర్చున్నాడు. ఎండపడితే సముద్రం జర ఆకుపచ్చగ కూడ ఉంటది అని గొణిగాడు.

"వీళ్లకు ఎట్లన్న చెప్పుకో," అంది సుజాత. "నాకు మాత్రం నీలమే ఉండనియ్యి."