అజరా పెద్దమ్మ రోకలి దరువు

ఆ చాప ఇటు లాక్కుని కూచో, వుంపినీ. కుమాసీ పట్నంలో చదువులు చదివి ఇన్నేళ్ళకి మన ఊరి డంబా పండగకొచ్చావు, వచ్చీరాగానే మంచి ప్రశ్నే వేశావు. పొద్దున ఆటలో డోలువాళ్ళు యాకుబు పేరు తర్వాత మారిట్ అని పలికారేమిటి, ఎవరూ లేవలేదేమిటి అంటావు. లేవాల్సింది నేనే తల్లీ. ఈ మోకాళ్ళు లేవనివ్వలేదు. అల్లా మన్నించాలి.

మారిట్ నార్వే నుంచి వచ్చిన పిల్ల. క్లినిక్‌లో పసిపిల్లల్ని తూకం వేసేది, జీతం లేకుండా. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, ఆమెకి ఇంకో నాలుగెక్కువేమో. మా అజరా పెద్దమ్మ ఇంట్లో దిగింది. ఎండకి మొహమంతా మిరపపండులా ఉండేది పాపం. తల్లులు నవ్వేవాళ్ళు, ముందు ఈమెని తూకం వెయ్యండమ్మా, గాలికెగిరిపోయేలా ఉంది అని. ఆ పిల్లకి మన పాటన్నా ఆటన్నా ప్రాణం. పెళ్ళయితే అక్కడ, పేరు పెడితే అక్కడ. డోలు వినపడితే చేతిలో సంకటి ముద్ద చేతిలోనే ఉండిపోయేది. ఆ, ఏం చెబుతున్నాను? పెద్దమ్మ సంగతి. ఆవిడకి ఒక్కడే కొడుకు, యాకుబు. మా అన్న. పెళ్ళికాకుండానే జ్వరంతో పోయాడు. వాళ్ళ నాన్న వంశంలో ఇంకెవరూ మిగల్లేదు. చంకన పెట్టి వాయించే డోలు దరువుతోనే తాతల పేర్లు పలికితే ఆ ఇంటివాళ్ళు లేచి ఆడాలి, అది నీకూ తెలుసు. మన ఊరి డోలువాళ్ళకి ఇంకో కట్టుబాటుంది. వరసగా మూడు పండగలు ఎవరూ లేవకపోతే ఆ ఇంటి దరువు ఇక వాయించరు. ఆ పేర్లు అక్కడితో సరి. రెండు పండగలు పెద్దమ్మ అలా కూచునే ఉంది, తల వంచుకుని. కోడలు లేచి ఆడకూడదు కదా, అది అత్తింటి దరువాయె.

మూడో పండగనాడు డోలువాళ్ళ పెద్ద సులేమాన తాత డోలు చంకన పెట్టి ఆ దరువెత్తాడు. పెద్దమ్మ జపమాల పూసలు తిప్పుతోంది, పెదాలు కదలడం లేదు. ఇంతలో నా పక్కనుంచి మారిట్ లేచి నడిమధ్యకి వెళ్ళిపోయింది. ఎందుకో తెలుసా? పెద్దమ్మ రోజూ తెల్లారి జొన్నలు దంచేటప్పుడు రోకలితో అదే దరువు వేసేది. కొడుకు పేరు పలక్కుండా పలుకుతోందని మాకు తెలుసు, మేం ఊరుకునేవాళ్ళం. ఆ పిల్ల మాత్రం అది దంపుడు పాటనుకుంది. రోజూ వింటోంది కదా, ఇది మా ఇంటి పాటేనని సంబరంగా లేచింది.

మగవాళ్ళు గొణిగారు. క్లినిక్ అమ్మాయి దారి తప్పిందన్నాడొకడు, తక్కెడ వెతుక్కుంటోందన్నాడు ఇంకొకడు. సులేమాన తాత కర్ర గాల్లోనే ఆగిపోయింది. అప్పుడు లేచింది మా పెద్దమ్మ. పైబట్ట తీసి, అందరూ చూస్తుండగా, ఆ పిల్ల నడుముకి బిగించి కట్టింది. ఆవిడ గొంతు పెద్దది కాదు, అయినా చివరివాళ్ళకి కూడా వినిపించింది. "నా కుండలో తిన్నది. పిలిస్తే లేచింది. వాయించు, సులేమానా."

వాయించాడు. నేను మక్కాకి కూడా వెళ్ళొచ్చాను, వుంపినీ, అబద్ధమాడను. ఆ పాదాలు ఆ పిల్లవి కావు. యాకుబు అన్న కుడికాలు కాస్త ఈడ్చి తిరిగేవాడు, చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డాడు. ఆమె అచ్చం అలాగే తిరిగింది. అన్నని ఆమె ఎప్పుడూ చూడలేదు. రోకలి కూడా అక్కడ కాస్త ఆలస్యంగా పడేదని నాకు తర్వాతెప్పుడో తట్టింది. తల్లి ఆ కాలి ఈడ్పుని కూడా దరువులో దంచేదన్నమాట. పెద్దమ్మ మాత్రం మట్టిలో నుదురానించి చాలాసేపు లేవలేదు.

తను చేసిందేమిటో మేం చెప్పాక మారిట్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మరుసటేడు తెలిసే లేచింది. తర్వాత వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. పండగనాడు ఆ మంచుదేశంలో, వంటింట్లో ఒక్కతే ఆడుకుంటానని ఉత్తరాలు రాసేది. ఇక్కడ ఆమె బదులు నేను లేచేదాన్ని, నేనూ ఆ కుండలో తిన్నదాన్నే కాబట్టి. పెద్దమ్మ పోయింది. ఆ తర్వాత మారిట్ పోయిందని వాళ్ళ తమ్ముడు రాశాడు. పెద్దమ్మ ఆమె నడుముకి కట్టిన ఆ బట్ట మడతపెట్టి పంపాడు. సులేమాన తాత తర్వాత డోలు పట్టిన ఆయన కొడుకు, మా యాకుబు అన్న పేరు పక్కన ఆమె పేరు చేర్చాడు.

నిరుడు లేవలేకపోయాను. అంతకుముందేడూ అంతే. ఇది మూడో పండగ. రేపు పండగని సాగనంపేటప్పుడు ఇంకొక్కసారి పిలుస్తారు.

పొద్దున నువ్వు తిన్న సంకటి ఏ కుండలోదనుకున్నావు? ఆ పెట్టె ఇలా లాగు, ఆ బట్ట తియ్యి. లే, నిలబడు. అటు తిరుగు. మారిట్‌ది సన్నటి నడుం తల్లీ, నీకు ముడి అందుతుందో లేదో.