ఢిల్లేసు ఎదురుచూసిన మద్దెల

ఢిల్లేసని మా ఊళ్ళో కొబ్బరి బొండాలు కొట్టి అమ్మేవాడొకడున్నాడు. తోపుడుబండి, బండి మీద గెలలు, పక్కన కత్తి. వాడికో కూతురు, లిఖిత, ఐదేళ్ళ గుంట. రోజూ పొద్దున్న మొదటి బొండం దానికే కొట్టాలంట. నీళ్ళు తాగించి, కాయ రెండుగా చీల్చి, పై చెక్కతో చెంచా గీసి, లేత కొబ్బరి తీసి నోట్లో పెడితేగానీ బండి గుమ్మం దాటేది కాదంట. అలాంటి పిల్ల ఒకరోజు పొద్దున్న వాడు కత్తి ఎత్తగానే మంచం కిందకి దూరిపోయింది. "రా అమ్మా, బొండం" అన్నాడు వీడు. మంచం కింద నుంచి ఏమందనుకున్నారు? "నాన్నా, ఇయ్యాల ఎవుల్ని నరికీడానికి ఎల్తన్నావు?" అందంట. ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండిపోయిందంట వాడి చేతిలో. ఈగని కూడా కొట్టని చెయ్యి అది. ఆ రోజు నుంచి పిల్ల వాడి చేతి బొండం ముట్టలేదు, వాడి దగ్గరకి పోలేదు.

ఏమైందంటే, ముందురోజు సినిమాకెళ్ళారు. అయినా ఆగండి, ముందు మా ప్రహ్లాద నాటకం గురించి చెప్పాలి. అది చెప్పకపోతే ఢిల్లేసు ఎందుకలా మోసపోయాడో మీకు తెలీదు. మా ఉద్దానంలో వేసంగికి నాటకం ఆడతారు. నరసింహస్వామి మొహం కట్టుకున్నవాడికి పూనకం వస్తుంది, నడుముకి తాళ్ళేసి మనుషులు పట్టుకోవాలి. ఇక హిరణ్యకశిపుణ్ణి ఒళ్ళో వేసుకునే ఘట్టం వస్తుందనగా మద్దెల వాయించే దాలయ్య వాయింపు ఆపేస్తాడు. ఆపేసి, లేచి నిలబడి, "పిల్లల తల్లులూ, పిల్లల్ని ఎత్తుకెల్లిపోండమ్మా! కడుపుతో ఉన్నోల్లు లెగండి!" అని కేకేస్తాడు. ముందు వరసలో కూర్చున్న పిల్లకాయలందరూ వెళ్ళేదాకా మద్దెల మీద చెయ్యి వెయ్యడు. ఒక ఏడు ప్రెసిడెంటుగారబ్బాయి లేవనని మారాం చేశాడు. అటు స్వామి తాళ్ళు తెంపుకునేలా ఊగుతున్నాడు, ఇటు ప్రెసిడెంటు "వాయించరా" అని గుడ్లురుముతున్నాడు. దాలయ్య వాయించలేదు. చివరికి ప్రెసిడెంటే తిట్టుకుంటూ కొడుకుని భుజాన వేసుకుపోయాడు. ఢిల్లేసూ చిన్నప్పుడు ఆ కేక విని తల్లి చంకెక్కి వెళ్ళినవాడే. చంపేముందు ఎవరో ఒకరు పిలుస్తారు, పిల్లలు వెళ్ళాకే చంపుతారు. లోకమంతటా అంతే అనుకున్నాడు వాడు.

సరే, టౌనులో హాలుకి కొత్త బొమ్మొచ్చిందంట. ఢిల్లేసు పెళ్ళాం రోహిణి టికెట్ల దగ్గర అడగనే అడిగింది, గుంటని తీసుకెళ్ళొచ్చా అని. యు/ఏ అమ్మా, పెద్దోల్లు పక్కనుంటే సూడొచ్చు, అన్నాడు లోపలివాడు. పిల్లని ఒళ్ళో కూర్చోపెట్టుకున్నాడు ఢిల్లేసు. హీరో వచ్చాడు, అందరితోపాటు వీడూ ఈలేశాడు. కాసేపటికి హీరో కత్తి తీశాడు. అచ్చం బొండాల కత్తే. ఢిల్లేసేమో, ఇప్పుడు పిలుస్తారు, అనుకున్నాడంట. పిల్లని భుజానికెత్తుకుని, సగం లేచి, ఎవరు కేకేస్తారా అని అటూ ఇటూ చూస్తున్నాడంట పాపం. వెనకవాడు, "కూకోవోయ్, తల అడ్డం!" అన్నాడు. ఈలోగా తెర మీద మొదటి తల తెగింది. ఇంకోటి తెగింది. హాలంతా చప్పట్లు. బయటికి పోదామంటే అటంతా మోకాళ్ళు, ఇటు గోడ. ఢిల్లేసు రెండు చేతులా పిల్ల కళ్ళు మూశాడు, పైనుంచి రోహిణి కొంగు తీసి కప్పింది. ఇంకేం చేస్తారు?

తరవాత ఢిల్లేసు నా దగ్గరకొచ్చాడు. నేను పర్లాకిమిడిలో బీఏ చదివాను లెండి ఎప్పుడో. కోర్టు నోటీసూ, పురుగుమందు డబ్బా, ఇంగ్లీషున్నది ఏదైనా ఊళ్ళోవాళ్ళు నాకే తెస్తారు. ఇద్దరం హాలు మేనేజరు దగ్గరకెళ్ళాం. "ఏం బావూ, మీ హాల్లో పిలిసీవోడు లేడేటి?" అన్నాడు ఢిల్లేసు. ఆయనకి అర్థం కాలేదు. నేను చెబితే పడీపడీ నవ్వాడు. "సెన్సారు కాగితం ముందే తెర మీద వేశాం కదయ్యా. పెద్దవాళ్ళ తోడుండాలని రాసుంది. నువ్వు పక్కనున్నావా, లేదా?" "ఉన్నాను బావూ." "మరింకేం?" "ఉండి ఏటి సేసినాను? నాకున్నవి రెండు సేతులు. కల్లు మూసినాను. సెవులెవులు మూస్తారు?" అన్నాడు ఢిల్లేసు. మేనేజరు నవ్వాపి, ఆ కాగితం ఇచ్చింది మేం కాదండీ, పైవాళ్ళు, అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏ పైవాళ్ళయ్యా? తెర మీద ఒకడు చుట్ట ముట్టిస్తే హానికరమని కింద అక్షరాలేస్తారు. బూతు మాటొస్తే కుయ్యిమనిపిస్తారు. ఆడా మగా ముద్దు పెట్టుకుంటే కత్తెరేస్తారు. మెడ నరికితే మాత్రం పక్కన నాన్న కూర్చుంటే చాలా? ఏం చెయ్యాలి నాన్న, రక్తం తుడవాలా?" అని అరిచేశాను. నా అరుపుకి క్యాంటీనువాడు పరిగెత్తుకొచ్చి సోడా ఇచ్చాడు. బొమ్మ మాత్రం ఆడుతూనే ఉంది.

వేసంగి వచ్చింది, నాటకం వేశారు. స్తంభం ఘట్టం అయ్యాక దాలయ్య మద్దెల ఆపి కేకేశాడు. లిఖిత తల్లి పక్కన ఉంది. దూరంగా నిలబడ్డ ఢిల్లేసు వచ్చి చేతులు చాపాడు. పిల్ల ఆ చేతుల్ని తిప్పి చూసింది, వెనకా ముందూ. "కత్తేదీ?" అంది. "తాతగారింట్లో పెట్టీసినానమ్మా" అన్నాడు. తాతగారంటే నేనే. అప్పుడు ఎత్తుకోనిచ్చింది. తోటల దాకా నడిచిపోయారంట. దూరంగా మద్దెల మోగి, మోగి, ఆగింది. "అయిపోనాదా నాన్నా?" "అయిపోనాదమ్మా." "నువ్వు సూడనేదా?" "నాను సూడనేదు." ఆ మాట విన్నాక గానీ వాడి మెడ చుట్టూ చెయ్యి వెయ్యలేదంట ఆ పిల్ల.

ఇప్పటికీ ఆ కత్తి మా చూరులోనే ఉంటుంది. పొద్దున్న వచ్చి పట్టుకెళ్తాడు, సాయంత్రం ఇచ్చేసి, మా నూతి దగ్గర చేతులు కడుక్కుని, అప్పుడింటికెళ్తాడు. ఏదో తప్పు చేసినవాడిలాగ. బొండం మాత్రం పిల్ల ఇంకా తాగదు. ఈమధ్య ఆ కాగితం మీద ఏడేళ్ళనీ, పదమూడేళ్ళనీ అంకెలు కూడా వేస్తున్నారంట, బాగు చేశామంటున్నారంట. ఆ అంకె వేసినాయన తన మనవరాల్ని ఒళ్ళో కూర్చోపెట్టుకుని ఆ బొమ్మ చూశాడా అని ఎవరైనా కనుక్కోండి. చూశానంటే ఇద్దర్నీ మా ఊరు తీసుకురండి. ఢిల్లేసు బొండం కొట్టి ఇస్తాడు. ఆ మనవరాలు తాగుతుందో మంచం కిందకి పోతుందో, ఆయన్నే చూడమందాం.