సంతలో బెదరని పిట్ట

పోరా! ఇంకా ఎంతసేపు ఆ కొమ్మ మీద తోక ఆడిస్తూ కూర్చుంటావు? పొద్దున్నుంచీ చెబుతున్నానా లేదా? అడవి అటుంది, నా మొహంలో లేదు. పో!

ఏంటలా తల వంచి చూస్తావు? చిటికేస్తాననా? వెయ్యను. నేను చిటికేస్తే కీచురాయి నీ నోట్లో పడే రోజులు అయిపోయాయి.

ఒరేయ్ సత్రియా, ఇది నీ సొంతూరురా. నువ్వు గుడ్డులోంచి బయటికొచ్చింది ఈ మెర్బాబు కొండ మీదే. కళ్ళు కూడా సరిగ్గా తెరవని నిన్ను సుగెంగ్ గాడు గూడుతో సహా దింపి అమ్మితే నేను కొన్నాను. అప్పట్లో ఈ వాలంతా పిట్టల గోలే. ఇప్పుడు విను, ఏముంది? కాఫీ చెట్ల మీద పురుగులు తప్ప!

అందుకేగా ఊరంతా కూర్చుని ఒట్టేసుకున్నాం? పంజరాల్లో పిట్టల్ని వదిలేయాలని, మళ్ళీ ఇంట్లో పెట్టుకున్నవాడు ఊళ్ళో తలెత్తుకు తిరగకూడదని. ముందు లేచి నిలబడింది ఎవరనుకున్నావు? నేనే, ఈ సరిజానే! చప్పట్లు కూడా కొట్టారు. మీ అమ్మ, అదే నా పెళ్ళాం తుమినెం, అయితే నీ పంజరం విరిచి పొయ్యిలో పెట్టి, ఆ మంట మీదే అన్నం వండింది. "నాకో కప్పు కాఫీ కలిపిచ్చిన పాపాన పోలేదు గానీ, పిట్టకి రోజూ స్నానం! పీడ వదిలింది" అంది. అని, అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. పొగ అంట!

అదిగో, మళ్ళీ కిందికి దిగుతున్నావు! పైకి పో, పైకి! కింది కొమ్మలకేరా పిట్టలు పట్టేవాళ్ళు జిగురు పూసేది. సుగెంగ్ ఒట్టేసుకున్నాడు సరే, కొండకి అటుపక్క ఊళ్ళవాళ్ళు వేసుకున్నారా? మన పక్కింటి పాక్ మార్తో మొన్న వదిలిన జంట, సాయంత్రానికల్లా ఓ పుల్లకి అతుక్కుని కనబడింది. ఈకలన్నీ ఊడిపోయి... వద్దులే, నీకెందుకు.

మనిషిని చూస్తే పారిపోవాలి! ఆ ఒక్కటీ వస్తే చాలు, బతికిపోతావు. అడవిలో ప్రతి పిట్టకీ వచ్చే విద్యే కదరా, నీకు రాదేం?

ఎలా వస్తుందిలే. పోగొట్టింది నేనే కదా. పిట్టల పాటల పోటీల్లో పంజరాల కింద అంతమంది మగాళ్ళు గొంతు చించుకుని అరుస్తుంటే బెదరకుండా పాడాలని, పసికూనప్పటి నుంచే నిన్ను సంతలో చేపల అంగడి పక్కన వేలాడదీశాను. మోటారు సైకిళ్ళు, బేరాల కేకలు, పిల్లులు, అన్నిటి మధ్యా! 'మా సత్రియాకి భయమంటే ఏంటో తెలీదు' అని ఊరూరా చెప్పుకు తిరిగాను. ఎంత పొగరు నాకు!

సరే. మాటలతో పోవు కదా? ఇదిగో, మట్టిగడ్డ. నిన్ను ఏనాడైనా గద్దించానా? ఇవాళ కొడతాను. తిట్టుకో, శాపనార్థాలు పెట్టుకో, జన్మలో మళ్ళీ మనిషి మొహం చూడకు. పోరా! పో!

అయ్యో... తగిలిందా? ఎక్కడ? రెక్కకా?

ఏం చేస్తున్నావురా అక్కడ? ఆ గడ్డలో ఏం వెతుకుతున్నావు? చీమగుడ్లు లేవురా అందులో, పిచ్చి వెధవా! నీకు తిండి వెయ్యలేదు, నిన్ను కొట్టాను. కొట్టానురా! అది కూడా తెలీదా నీకు?

ఛ! నా కాలి మీదికి ఎక్కకు. దిగు. దిగమంటున్నానా...

సర్లే. రా, భుజం మీదికి రా. గుడ్డ కప్పి దాచి తీసుకెళదామన్నా పంజరం లేదు. ఊరి మధ్య నుంచే పోవాలి. ఈ వేళకి పాక్ మార్తో వాకిట్లోనే కూర్చుని ఉంటాడు. చూడనీ. నవ్వితే నవ్వనీ, మొహాన ఉమ్మితే ఉమ్మనీ.

నువ్వు మాత్రం దారిలో పాడకురా. ఆ ఒక్క ఉపకారం చెయ్యి.