అత్తగారు చూడవచ్చిన రాక్షసుడు

(తూర్పు టెక్సస్‌లో, చిత్తడి నేలల పక్కనున్న ఓ చిన్న ఊరు. 1957, ఆగస్టు. కార్లలోనే కూచుని చూసే డ్రైవిన్ సినిమా మైదానంలో, మూడో వరసలో ఒక పాత కారు. ముందు సీట్లో హోలిస్, అతని భార్య నెల్డా. వెనక సీట్లో నెల్డా తల్లి, మిసెస్ ప్రూయిట్.)

"ఇంకా ఎంతసేపు అల్లుడుగారూ?"

"పొద్దు గూకాలి కదా అత్తయ్యా. వెలుతురుంటే తెర మీద బొమ్మ ఆనదు."

"ఆనకపోతే పోయె. మిమ్మల్ని చూడ్డానికేగా వచ్చింది? ఇక్కడే కనిపిస్తున్నారు. ఇంటికి పోదాం పదండి."

"అమ్మా, మొదలెట్టకు."

"నేనేం మొదలెట్టానే? దోమలు మొదలెట్టాయి. ఆ అద్దం ఎత్తు."

"ఎత్తితే స్పీకరు ఊడి పడుతుంది అత్తయ్యా. అద్దానికేగా తగిలించింది."

"ఆ రేకు డబ్బాలోంచి గరగర తప్ప ఏమీ రావడం లేదు. కిందేమో వానకి అంతా బురద. కాళ్ళు తుడుచుకునే ఎక్కారా?"

"నా కారు నేనెక్కడానిక్కూడానా?"

"ఎవరి కారైతేనేం, బురద బురదే. పెళ్ళైన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నాను."

"తుడుచుకున్నాను."

"రెండు కాళ్ళూ?"

"రెండూ. మడమలతో సహా."

"సరే. మన మాట గుర్తుందిగా?"

"ఏ మాట?"

"నటన తెర మీద చూపించండి, నా దగ్గరొద్దు. మిమ్మల్ని ఆ తెర మీద నా కళ్ళతో నేను చూశానంటే మా దాణా కొట్టు ఊసు మళ్ళీ ఎత్తను. మన చిత్తడిలో సినిమా తీసినవాళ్ళు చలికాలంలో మళ్ళీ వస్తే వాళ్ళ వెంట నిక్షేపంగా పొండి. చూడలేదంటే..."

"సోమవారం నుంచి కొట్లో కూచుంటాను. ఒప్పుకున్నానుగా."

"నెల్డా సాక్షి."

"నన్ను లాగకండి. నేను పాప్‌కార్న్ తింటున్నాను."

"ఒక్క సందేహం అల్లుడుగారూ. మీరు నెత్తి నుంచి కాలిగోటి దాకా రబ్బరు తొడుక్కున్నారంటిరి. మరి ఆ లోపలున్నది మీరేనని నాకెలా తెలుస్తుంది?"

"మొదట్లో పేర్లు పడతాయి కదా, చూద్దురుగాని... అదిగో, అదిగో! మొదలైంది! 'పాచిగుంట పిశాచం'! చూశావా నెల్డా, అక్షరాల్లోంచి బురద ఎలా కారుతోందో!"

"చూశాన్లే. హారన్ మీంచి చెయ్యి తియ్యి."

"చదవండి, చదవండి. హీరో... హీరోయిన్... షెరీఫు వేషం... అబ్బా, ఎవడ్రా ఆ లైట్లు వేసింది? ఆర్పరా!"

"పేర్లు అయిపోయాయిగా."

"అయిపోయాయా?"

"అయిపోయాయి. మీ పేరు లేదు."

"రాక్షసుడి పేరు వెయ్యరు అత్తయ్యా. దాస్తారు. ఎవరో తెలిసిపోతే జనం భయపడరు కదా."

"ఇప్పుడేగా పేర్లు పడతాయన్నారు?"

"అన్నాను. అంటే... కొన్నిట్లో వేస్తారు, కొన్నిట్లో వెయ్యరు."

"ఊఁ."

"ఆ ఊఁ ఏంటి అత్తయ్యా?"

"ఏం లేదు. చూడనివ్వండి... ఈ చుట్ట కాల్చేవాడు ఎవరు?"

"శాస్త్రవేత్త."

"ఎప్పటికీ నోరు మూయడేం? రాక్షసుడు ఎప్పుడొస్తాడు?"

"మాటలకి ఖర్చుండదు అత్తయ్యా. రాక్షసుడు వస్తే జిగురు ఊడుతుంది, చెమటకి లోపలివాడు సొమ్మసిల్లుతాడు, మళ్ళీ అన్నీ అతికించాలి. అందుకని మనుషులు కూచుని మాట్లాడుకుంటూ ఉంటారు."

"హోలిస్, ఈ వరద చూడు. పోయిన నెల ఆ అగ్నిపర్వతం సినిమాలో వచ్చిన వరదే కదూ? అదే ఎర్రకప్పు ఇల్లు కొట్టుకుపోతోంది."

"తెలుపూ నలుపూ సినిమాలో నీకు ఎరుపెక్కడ కనిపించిందే?"

"సరే, ఏదో రంగు. ఆ ఇల్లే."

"ఆ ఇల్లే. ఈ కంపెనీ వాళ్ళంతే. ఒకదాంట్లోది తెచ్చి ఇంకోదాంట్లో అతికించేస్తారు. మూరెడు ఫిల్ము కూడా వృథా పోనివ్వరు."

"ఆ గబ్బిలానికి తాడు కనిపిస్తోంది అల్లుడుగారూ."

"కనిపించినా ఆ పక్క కారు పైన పిల్లలు చూడండి, దుప్పట్లో ఎలా దూరారో! అదే అత్తయ్యా దీంట్లో గొప్ప. తాడు కనిపిస్తుంది, వీపు మీద జిప్పు కనిపిస్తుంది, చంద్రుడు అట్టముక్కని అందరికీ తెలుసు. అయినా ఇన్ని కార్లలో జనం ఒక్కసారే ఊపిరి బిగబడతారు. కోట్లు పోసి తీసిన సినిమాల్లో నాకీ సరదా దొరకదు. ఇంత రబ్బరు, ఇంత జిగురు, ఇంతే! చర్చిలో కూడా ఇంత నిశ్శబ్దం... అయ్యో! రీలు తెగింది!"

"నువ్వు పొగిడావుగా, అందుకే."

"అతికించండ్రా! ఓయ్! అతికించండ్రా!"

"హారన్ కొట్టకు హోలిస్, నా చెవులు!"

"అందరూ కొడుతున్నారుగా! సరిగ్గా ఇప్పుడే తెగాలా? ఇప్పుడే వస్తాను నేను! గుంటలోంచి ముందు చెయ్యి, తర్వాత తల... ఆఁ, వచ్చింది, బొమ్మ వచ్చింది! అత్తయ్యా, రెప్ప వెయ్యకండి. అదిగో చెయ్యి! అదిగో..."

"ఆఁ, చూశాను. ఇది మీరేనన్నమాట."

"నెల్డా, ఆ పాప్‌కార్న్ ఇలా ఇవ్వు."

"ఏం, ఇప్పుడు తిండేంటి? ఇందాకటి దాకా నోరు ఆగలేదుగా."

"హోలిస్."

"ఊఁ."

"హోలిస్, మన పొలుసులేవి?"

"ష్..."

"వారం రోజులు వంటింటి బల్ల మీద సైకిలు ట్యూబులు కోసి ఒక్కొక్కటీ నీ వేషానికి అంటించానే, అవేవి? వీడికి ఒళ్ళంతా బొచ్చు!"

"మెల్లగా మాట్లాడవే."

"ముందు సీట్లో ఏంటా గుసగుసలు?"

"ఏం లేదమ్మా, జిగురు సంగతి."

"మంచి వేషమే. కాకపోతే అల్లుడుగారికి ఆ బొచ్చు కాస్త ఎక్కువైంది. ఎలుగుబంటికి పడిశం పట్టినట్టు ఆ మూలుగేంటి? అయినా ఆ పడవని అమాంతం తిరగేశారు చూడండి, ఆఁ! మా ఇంట్లో బీరువా జరపమంటే నడుం నొప్పన్నారు."

"అత్తయ్యా..."

"కాదు, బాగుంది. బాగుంటే బాగుందంటాను, నాకేం పక్షపాతం లేదు. ఉండండి, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తెచ్చుకుంటాను. ఎలాగూ ఆ శాస్త్రవేత్త మళ్ళీ చుట్ట వెలిగించాడు."

"నేను తెస్తాను ఉండండి."

"మీరు కూచోండి. సినిమా యాక్టర్లు వేరుశనక్కాయలకి లైన్లో నిలబడకూడదు."

"... వెళ్ళిందా?"

"వెళ్ళింది. ఇప్పుడు చెప్పు. ఎవరు వాడు?"

"నాకేం తెలుసే! నేనొచ్చేశాక వేరేవాణ్ణి పెట్టి మళ్ళీ తీసుంటారు. ఆ బొచ్చు వేషం ఎక్కడి నుంచో అద్దెకి తెచ్చుంటారు. మొత్తం తీసేశారు నెల్డా. గుంటలోంచి లేవడం నాది, పడవ నాది. ఆ పాచి నీళ్ళలో జలగలు కరుస్తుంటే కూచున్నది నేను! ఈ బొచ్చు వెధవ ఒడ్డున నిలబడి..."

"ఎందుకు తీసేశారు?"

"ఎందుకో."

"హోలిస్."

"ఆఖరిరోజు చిన్న గొడవైంది."

"ఏం గొడవ? బాగా పొగిడి పంపించారన్నావుగా?"

"అన్నాను. పొగళ్ళేదు. గుడిసె గుమ్మం సీనులో ఓ పని చేశాను. అనుకుని చేసింది కాదు, దానంతటదే అయిపోయింది. డైరెక్టరు టోపీ నేలకేసి కొట్టాడు. నా సినిమా సర్వనాశనం చేశావు, జనం నవ్వుతారు, ఫో అన్నాడు."

"ఏం చేశావు?"

"వద్దు. చెప్తే నువ్వూ నవ్వుతావు."

"నాకిప్పుడు నవ్వొచ్చేలా ఉందా? ఈ గోళ్ళ సందుల్లో జిగురు ఇంకా పోలేదు నాకు! ఊరంతా చెప్పుకున్నాను. చర్చిలో చెప్పాను, క్షవరం షాపులో చెప్పాను..."

"క్షవరం షాపులో నీకేం పని?"

"మాట మార్చకు. అమ్మకేం చెప్తాం?"

"నిజం చెప్తాను."

"పిచ్చా? ఆవిడ నమ్మేసింది! బాగుందని కూడా అంది! పుట్టాక మా అమ్మ దేన్నైనా బాగుందనగా నేను వినలేదు. బొచ్చో, పొలుసులో, ఆవిడకేం తెలుసు? నోరు మూసుక్కూచుంటే గెలిచినట్టే."

"ఎవడో పడవ తిరగేస్తే నేను గెలవడం ఏంటే?"

"దాణా కొట్లో కూచుంటే బాగుంటుందా? గోనెసంచుల మధ్య నీ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను చూడలేను హోలిస్, నిజంగా చూడలేను."

"వస్తోంది. తుడుచుకో ఆ కళ్ళు."

"జరగండి, జరగండి. ఇదిగో నెల్డా, వేడిగా ఉన్నాయి. అల్లుడుగారూ, అక్కడ ఆ మార్తా గిడెన్స్ కనిపించింది. బ్యాంకాయన భార్య. ఎప్పుడూ వాళ్ళ అల్లుడు పళ్ళ డాక్టరని ఊదరగొడుతుందే, ఆవిడే."

"ఏమంది?"

"ఆవిడేమనడం, నేనే అన్నాను. ఆ పడవ తిరగేసినవాడు మా అల్లుడే అన్నాను. నోట్లో కాయ నోట్లోనే ఉండిపోయింది ఆవిడకి. మీ అల్లుడు పీకితే ఒక పన్నొస్తుంది, మా అల్లుడు లాగితే పడవే వస్తుంది అన్నాను."

"అమ్మా..."

"ఏమే? నేను మాత్రం మనిషిని కానా? ఎన్నాళ్ళు పడతాను ఆవిడతో?"

"అత్తయ్యా, అది నేను కాదు."

"హోలిస్, వద్దు!"

"అది నేను కాదు అత్తయ్యా. నాది పొలుసుల వేషం. వీడెవడో నాకు తెలీదు. నన్ను మొత్తం కోసి పారేశారు. మీరు తెర మీద నన్ను చూడలేదు."

"ఇప్పుడెందుకు చెప్పారు? గమ్మునుంటే నమ్మేదాన్నిగా."

"నమ్మేవారు. అందుకే చెప్పాను."

"వేరుశనక్కాయలకి వెళ్ళకముందే చెప్పుండాల్సింది."

"అవును. నోరు రాలేదు."

"ఇప్పుడు నేనా మార్తా దగ్గరికి వెళ్ళి, కాదమ్మా, పొరబడ్డాను అని చెప్పాలా? ఆదివారం చర్చిలో ఆవిడ మొహం ఎలా చూడను?"

"నేనే వెళ్ళి చెప్తాను."

"ఏం అక్కర్లేదు. సోమవారం కొట్టు ఏడింటికి తెరవాలి. ఆరున్నరకి తాళాలు మా ఇంటి దగ్గర తీసుకోండి."

"సరే."

"నేనేదో గెలిచానని మురిసిపోవడం లేదు అల్లుడుగారూ. మీ మావగారు పోయాక ఆ బస్తాలు ఎత్తలేకపోతున్నాను. చేతులు పడిపోతున్నాయి. అంతే."

"తెలుసు అత్తయ్యా."

"ఇంటికి పోదాం పదండి. నాకీ బొచ్చు మొహాన్ని చూడాలని లేదు."

"ఎలా పోతాం? ముందొక ట్రక్కు, వెనకొక ట్రక్కు. ఆ ముందువాడు ట్రక్కులో పరుపేసుకుని పడుకున్నాడు."

"లేపండి!"

"లేపితే తంతాడు."

"నేను చెప్పొస్తానుండు. ఆడదాన్ని నన్నేం తంతాడు? అమ్మా, నువ్వు కాసేపు ఆయన్ని వేధించకు."

"ఇందాకట్నుంచీ నేను నోరు విప్పానా? ... ఆ బొచ్చువాడు చచ్చాడుగా, అదేంటి, మళ్ళీ మొదలెట్టాడు? అయిపోలేదా?"

"ఒక టిక్కెట్టుకి రెండు సినిమాలు అత్తయ్యా. ఇది రెండోది. ఈ కంపెనీదే. 'శుక్రగ్రహం చుట్టం'."

"మీరు చూడరా? తల స్టీరింగు మీద పెట్టుకున్నారేం?"

"నాకొద్దు."

"అలా కూచుంటే మెడ పట్టేస్తుంది."

"పట్టనీండి. బస్తాలు మొయ్యడానికి మెడతో పనేముంది?"

"ఏడిసినట్టుంది... ఇందులోనూ ఎవడో చుట్ట కాలుస్తున్నాడు."

"కాల్చనీండి."

"ఆకాశంలోంచి పళ్ళెం దిగింది. అరటిపండు తొక్కలా ఊగుతోంది. పళ్ళెమేమో ఎడారిలో దిగింది, ఇప్పుడేమో చెరువు చూపిస్తున్నాడు. ఇదేం లెక్క?"

"లెక్కలుండవు అత్తయ్యా వీళ్ళకి."

"చెరువులోంచి ఏదో లేచింది. దీనికి పొలుసులున్నాయి అల్లుడుగారూ."

"ఉంటాయి. ట్యూబులు ఎక్కడైనా దొరుకుతాయి."

"కాస్త తలెత్తి చూడొచ్చుగా."

"అత్తయ్యా, మీకు దండం పెడతాను. ఈ రాత్రికి నన్నొదిలెయ్యండి. నేనింక ఏ సినిమా చూడను, ఏ సినిమా ఊసూ ఎత్తను. మీరు చెప్పినట్టే దాణా తూస్తాను, జొన్నలు తూస్తాను, ఏది తూయమంటే అది తూస్తాను. చాలా?"

"గుడిసెలో పిల్ల ఒక్కతే ఉంది. తలుపు బార్లా తీసుంది. వీడు మెట్లెక్కుతున్నాడు."

"ఎక్కనీండి."

"ఒళ్ళంతా పాచి, కాళ్ళనిండా బురద. గుమ్మం దాకా వచ్చి ఆగాడు."

"ఆగనీండి."

"అందరూ నవ్వుతున్నారు. వినపడుతోందా? ఆ పిల్లలు, ఆ పక్క కారువాళ్ళు, ఆ మార్తా కూడా నవ్వుతూనే ఉండుంటుంది."

"నవ్వనీండి అత్తయ్యా! మీకెందుకు, నాకెందుకు?"

"తల ఎత్తు, హోలిస్."

"... ఏంటత్తయ్యా? నన్ను పేరు పెట్టి..."

"గుమ్మంలో కాళ్ళు తుడుచుకుంటున్నావు. రెండూ. మడమలతో సహా."